పంచదార సైన్యం

మూడు రోజులు ముళ్ళగుహల్లో పాకి, రెండుసార్లు కొండచిలువ నోటిదాకా వెళ్ళి తప్పించుకుని, ఎడమ భుజంలో విరిగిన బాణపు ములికితో పోలనాయకుడు చిత్రకంఠ నగరం తూర్పు ద్వారం ముందు పడ్డాడు. పడ్డాడంటే నిజంగానే పడ్డాడు. గుహ దాటాక ఎక్కిన గుర్రం నురగలు కక్కి కూలిపోతే దానితోపాటు అతనూ కూలాడు. లేచి మొదట ఆకాశం చూశాడు. రెండో జాము సగం గడిచింది. మూడో జాము గంట మోగేలోగా అతను మంత్రుల సభలో నిలబడి నాలుగు మాటలు చెప్పాలి. చెప్పలేకపోతే ఆరువేలమంది నీళ్ళపాలవుతారు. ఆ ఆరువేలమందికీ ముందు జెండా పట్టుకుని నడిచేవాడు అతని తమ్ముడు సూరన. తల్లి పోయాక ఎత్తుకుని పెంచిన తమ్ముడు.

చిత్రకంఠ నగరం అందం చెప్పాలంటే ఆదిశేషుడికి కూడా ఒకటి రెండు నాలుకలు తక్కువవుతాయి. ఏడు ప్రాకారాలు, ఏడింటికీ ఏడు రంగులు. నెమలికంఠం రంగు గోపురాల మీద స్ఫటికపు కలశాలు, గాలి తగిలితే చాలు సన్నగా పాడే రాతిస్తంభాలు, వీధి వీధినా పన్నీరు చిమ్మే చలువరాతి ఏనుగులు. ఇంత అందం పోగేసుకున్న ఊరు పిసరంత తెలివి కూడా పోగేసుకుని ఉంటే మనకీ కథే ఉండేది కాదు.

ఆ నగరాన్ని ఏలే మణికంధర మహారాజు మూడేళ్ళుగా శాపనిద్రలో ఉన్నాడు. కాకోల రాజు దగ్గరున్న మేలుకొలుపు మణిని కనురెప్పల మీద ఉంచితే ఆయన లేస్తాడని వైద్యులన్నారు. కాకోల రాజు, మణి ఇస్తాను, వచ్చి నోరారా అడగండి అని కబురంపాడు. అడగడం మనకు నామోషీ అని మంత్రులు యుద్ధం ప్రకటించారు. ఊళ్ళో సగంమంది అది రాజభక్తి అన్నారు, మిగతా సగం అది ఒళ్ళు బలుపు అన్నారు. ఒకే కంచంలో తిన్న అన్నదమ్ములు ఈ విషయం మీద మాటలు మానుకున్నారు. ఈలోగా యుద్ధం ఏడాది సాగింది.

ఇక ఆ మంత్రుల సభ సంగతి. దాన్ని నిర్మల సభ అంటారు. రాజ్యం స్థాపించిన మూలపురుషుడు జీవితమంతా కత్తి తిప్పి, చివరి దశలో రక్తం చూస్తే వాంతి చేసుకునే స్థితికి వచ్చి, ఒక శాసనం చెక్కించాడు: రక్తం చిందించిన చెయ్యి యుద్ధాన్ని నిర్ణయించే సభ గడప దాటకూడదు. దాటితే సభకు పదకొండు రోజులు మైల, ఆ పదకొండు రోజులూ అక్కడినుంచి ఏ ఆజ్ఞా వెలువడదు. కత్తి పట్టినవాడికి కత్తి మీదే మోజు ఉంటుందని పాపం ఆయన భయం. ఉద్దేశం మంచిదే. కానీ రెండు వందల ఏళ్ళు గడిచేసరికి ఏమైందంటే, యుద్ధం నడిపే సభలో యుద్ధం అంటే ఏమిటో తెలిసినవాడు ఒక్కడూ లేకుండా పోయాడు. ఇప్పుడున్న ఐదుగురిలో ఒకాయన తర్కపండితుడు, ఒకాయన ఉద్యానాల అధికారి, ఒకాయన సంగీతాచార్యుడు. తక్కిన ఇద్దరూ ఈ ముగ్గురికి తల ఊపేవాళ్ళు.

"నాయకా, నీ కాళ్ళకి దణ్ణం పెడతాను గానీ లోపలికి మాత్రం పంపలేను" అన్నాడు సభాద్వారం దగ్గర కావలి అధికారి. "నీ చేతులు చూసుకో."

పోలనాయకుడు చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో ఎండిన నెత్తురు. కాకోల కాపలావాళ్ళు ఇద్దరిది.

"అన్నా, నే చెప్పేది విను. లోపలికి నేను పోనక్కర్లేదు. నువ్వే పోయి చెప్పు. నీలవాహిని నది ఎండిపోలేదు. పైన కొండల్లో కాకోల మాంత్రికుడు ధూమ్రజటి తన జడతో నదికి కట్ట కట్టాడు. దాని వెనక నీళ్ళు తాటిచెట్టంత ఎత్తున గోడలా నిలబడున్నాయి. నా కళ్ళారా చూసొచ్చాను. మనోళ్ళు ఏట్లోకి దిగ్గానే వాడు జడ విప్పుతాడు."

"రణభూమి మాట నా నోట వస్తే నాకూ మైలే. నా ఉద్యోగం పోద్ది. రాసివ్వు, తీసుకుంటాను."

అతను తాటాకు మీద గబగబా గీకి ఇచ్చాడు. అధికారి దాన్ని పటకారుతో అందుకుని, గోడవారగా ఎండలో కట్టిన తాడుకు తగిలించాడు. పదకొండు రోజులు ఎండితే లేఖకు మైల పోతుంది, అప్పుడు మంత్రులు చదువుతారు. ఆ తాడుకు అప్పటికే పదిహేడు ఆకులు వేలాడుతున్నాయి. అన్నీ సైన్యాన్ని నడిపే దళవాయి బేతిరాజు పంపినవే. వాటిలో మూడు ఆకుల మీద "వెంటనే చదవండి" అని ఎర్రగా రాసి ఉండడం పోలనాయకుడు చూశాడు.

అతనికి అప్పుడు అంతా అర్థమైంది. నది ఎండిందన్న మొదటి లేఖ మైల తీరి మంత్రుల చేతికి చేరింది. వాళ్ళు దేవుడే దారి ఇచ్చాడనుకుని, ఏటి నడిబొడ్డున కాకోల కోట మీదికి వెళ్ళే ఎత్తు వేశారు. అది మాయ, జాగ్రత్త అన్న రెండో లేఖ ఇక్కడ ఎండుతోంది. ముట్టడి ఈరోజు మూడో జాముకు అని సైన్యమంతటికీ తెలుసు, సభ ఆజ్ఞ చెప్పే భేరి మోగితే దిగడమే. దళవాయి అతన్ని పంపుతూ అన్న మాట చెవుల్లో గింగురుమంది. "భేరి చెప్పాక నేను కాదనలేనురా పోలా. అది చెప్పకముందే వాళ్ళ చెవిలో వెయ్యి."

అతను ఇక అక్కడ నిలబడలేదు. ఒక్క పరుగున వేడినీటి బుగ్గ రేవుకు పోయాడు.

ఆ రేవులో ఉదకమ్మ అనే ముసలామె బట్టలుతుకుతుంది. పసుపు మరక, తమలపాకు మరక, గిట్టనివాళ్ళు పెట్టిన చేతబడి మరక, ఏదైనా సరే ఆమె బండ మీద పోతుందని ఊరంతా చెప్పుకుంటారు. పొగలు కక్కే నీళ్ళలో మోకాలిదాకా నిలబడి, నడుం వంగినా చెయ్యి వంగని ఆ ముసలామె, పోలనాయకుణ్ణి చూస్తూనే చెంగు దులుపుకుంది.

"చేతులుతకాలి. అంతేనా?"

"అవునవ్వా. సభ వాకిట్లో పాలతొట్టి ఉంది. రక్తం తాకిన చెయ్యి ముంచితే పాలు ఎర్రబడతాయి. ఎర్రబడకుండా చెయ్యాలి."

"ఎందరిని చంపావు నాయనా?"

"లెక్క లేదు."

"ఉంటదిలే. ఎప్పుడో ఓనాడు లెక్కకొస్తది." ఆమె అతని చేతులు రెండూ పట్టుకుని తిప్పి చూసింది. "తీస్తాను. కానీ ఈ మరకతో పాటు నీ చేతులు కత్తి తిప్పడం, విల్లు ఎక్కుపెట్టడం, అన్నీ మరిచిపోతాయి. పసిపిల్లాడి చేతులైపోతాయి. సమ్మతమేనా?"

"సమ్మతమే."

"ఇంకోటి. నోటికి మరపు రాదు, చేతులకే. రణం గురించి 'నేను చూశాను' అని నీ నోటితో అన్నావా, ఆ క్షణమే మరక ఎక్కడున్నా ఎగిరొచ్చి నీ చేతిని అంటుకుంటది. ఇంతకింతై అంటుకుంటది."

"చూడనట్టు మాట్లాడతానవ్వా. ముందు ఉతుకు!"

ఆమె అతని చేతులు బండ మీద పరిచి, ఏదో గొణుగుతూ చవుడుమట్టి రాసి, సలసల కాగే నీళ్ళు పోసింది. పోలనాయకుడు అరిచిన అరుపుకు రేవులో కొంగలన్నీ లేచిపోయాయి. కళ్ళు తెరిచేసరికి చేతులు చిగురుటాకుల్లా ఉన్నాయి. పక్కనున్న ఎండుపుల్ల తీసి కత్తిలా పట్టుకోబోతే అది జారి నీళ్ళలో పడింది. రాయి పట్టుకుంటే రాయి కూడా జారింది. పన్నెండేళ్ళు కష్టపడి నేర్చిన విద్య ఒక్క రేవులో కొట్టుకుపోయింది.

సభలోకి పనివాళ్ళలో వెళ్ళగలిగేవాడు ఒక్కడే. సభకు ఎదురుగా మిఠాయి కొట్టు పెట్టుకున్న కామయ్య. రోజూ అతను పంచదార బొమ్మలు పోసి పళ్ళెంలో పట్టుకెళతాడు. మంత్రులకు అవి ఎందుకో ఊళ్ళో ఎవరికీ తెలియదు, తినడానికనే అందరూ అనుకుంటారు. పోలనాయకుడు కొట్టు వెనకగా దూరి ఉన్నదున్నట్టు చెప్పాడు. చూసినట్టు కాదు, విన్నట్టుగా చెప్పాడు.

కామయ్య తలపాగా విప్పి అతని నెత్తిన చుట్టాడు. తన ఉత్తరీయం కప్పాడు. పళ్ళెం చేతికిచ్చాడు.

"మావాడు కూడా అక్కడే ఉన్నాడు బాబూ. బేతిరాజు గారి విలుకాళ్ళలో" అన్నాడు. "నే పోయి చెబితే ఈ మిఠాయోడికేం తెలుసంటారు. నువ్వెళ్ళు."

"భేరి ఇంకా మోగలేదుగా?"

"పొద్దున్నే రోజూ మోగేది మోగింది. అంతే."

రోజూ తెల్లవారుజామున నిద్రిస్తున్న మహారాజుకు వందనంగా భేరి మోగుతుంది. ఏ దెబ్బకు ఏం అర్థమో మంత్రులకూ, భేరీ వాళ్ళకూ తప్ప వేరెవరికీ తెలియదు. పోలనాయకుడు హమ్మయ్య అనుకున్నాడు.

వాకిట్లో పాలతొట్టిలో చెయ్యి ముంచాడు. పాలు పాలలాగే ఉన్నాయి. కావలి అధికారి అతని ముఖం చూశాడు, గుర్తుపట్టాడు. చేతులు చూశాడు. తల పక్కకు తిప్పుకుని, "పో" అన్నాడు.

నిర్మల సభ లోపల కాలు పెట్టగానే పోలనాయకుడికి తాను ఏ లోకంలో ఉన్నాడో తెలియలేదు. వెయ్యి రేకుల తామర ఆకారంలో చెక్కిన కప్పు, దాని మధ్యనుంచి జారే బంగారు వెలుగు, గోడలకు చంద్రకాంత శిలలు, వాటినుంచి చుక్క చుక్కగా రాలే చల్లని నీరు, మూలమూలలా సాంబ్రాణి. నేలంతా ఒకే ఒక్క ముగ్గు. యుద్ధం జరుగుతున్న ఏడుకోనల లోయ మొత్తాన్ని రంగురంగుల పొడులతో దిద్దారు. అడవులకు ఆకుపచ్చ, శత్రుకోటకు కుంకుమ. ఆ ముగ్గు మీద, వరసలు వరసలుగా, పంచదార బొమ్మలు. ఏనుగులు, గుర్రాలు, విలుకాళ్ళు. బొమ్మలు ఎందుకో అతనికి ఇప్పుడు తెలిసింది.

ఉద్యానాధికారి మాకందుడు ఒక గుర్రపు బొమ్మ తల కొరుక్కుంటున్నాడు. "పక్షం కిందట పడమటి కోనలో పోయిన అశ్వదళం ఇది" అన్నాడు సంగీతాచార్యుడితో. "పోయినవాళ్ళను ప్రసాదంగా తీసుకోవడం మన ఆచారం కదా. ఇవాళ యాలకులు కొంచెం ఎక్కువయ్యాయి."

ముందువరసలో చిన్న జెండా పట్టుకున్న బొమ్మ ఒకటి నిలబడి ఉంది. దాని కాలిని చీమలు తినేశాయి. పోలనాయకుడికి ఒళ్ళంతా మండింది. పళ్ళెం ఎత్తి మాకందుడి నెత్తిన కొట్టాలనిపించింది. కానీ సూరన బతకాలంటే ఇప్పుడు కోపం పనికిరాదు.

"ఆ తెల్లగీత ఏమిటి స్వామీ?" అన్నాడు వినయంగా, పళ్ళెం దించుతూ.

"నీలవాహిని" అన్నాడు ముగ్గు పక్కన పీట మీద కూర్చున్న మహామంత్రి వాచస్పతి. సన్నగా, తెల్లగా, అరవై ఏళ్ళలో ఎవరినీ గట్టిగా తిట్టని మనిషి. తర్కంలో ఆయనకు ఎదురు లేదు. "ఎండిపోయింది. మన సేనకు రాజమార్గం."

"ఎండిన ఏరు ఎండినట్టే ఉంటదా స్వామీ? వానాకాలంలో ఏరు ఎండితే మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు కూడా పైన ఎవడో గండి కట్టాడంటారు."

మాకందుడు పకపక నవ్వాడు. "విన్నారా! మిఠాయివాడు మనకు యుద్ధతంత్రం చెబుతున్నాడు. ఒరే, నువ్వెప్పుడైనా యుద్ధం చూశావా?"

పోలనాయకుడి నాలుక చివరిదాకా వచ్చింది జవాబు. దాన్ని మింగేశాడు. "తమరు చూశారా స్వామీ?"

"చూడకపోవడమే మా అర్హత" అన్నాడు మాకందుడు ఛాతీ విరుచుకుని.

చూశానని చెప్పడానికి వీల్లేదు. మరి చూపించడానికి? పోలనాయకుడు మూలనున్న పన్నీటి కూజా అందుకున్నాడు. పసిపిల్లాడి చేతులతో దాన్ని ఎత్తలేక ఎత్తి, ముగ్గులో కొండల దగ్గర ఒంపేశాడు. నీళ్ళు తెల్లగీత వెంట సర్రున జారాయి. ఏనుగులు మెత్తబడ్డాయి. విలుకాళ్ళు ఒకరి మీద ఒకరు ఒరిగి ముద్దయ్యారు. జెండా బొమ్మ అందరికంటే ముందు కరిగింది. చూస్తుండగానే అక్కడ సైన్యం లేదు, చిక్కటి పాకం మిగిలింది.

"పిచ్చెక్కిందా వీడికి! తగలెయ్యండి బయటికి!" అని మాకందుడు గంతులేశాడు. తల ఊపే ఇద్దరూ తల ఊపారు.

వాచస్పతి మాత్రం కదల్లేదు. ఆ పాకం వంకే చూశాడు. ఆయన ముఖంలో రంగు పోయింది. తర్వాత ఏమీ అనకుండా లేచి, తాటాకు తీసుకుని ఏదో రాశాడు. లక్క ముద్ద దీపం మీద పెట్టాడు. రాజముద్ర పెట్టె తెరిచాడు.

బయట జాము గంటవాడు కాలం కొలిచే నీళ్ళగిన్నె సరిచేస్తున్న చప్పుడు. మూడో జాముకు ఇక మూడు గడియలే. ఇంత చూపించినా ఈ ముసలాయన ముట్టడి ఆజ్ఞకు ముద్ర వేస్తున్నాడు! సూరన మొదటిసారి ఏట్లో ఈత నేర్చుకుంటూ తన మెడ పట్టుకున్న పట్టు పోలనాయకుడికి గుర్తొచ్చింది. ఇక మిగిలింది ఒకటే దారి. సభ మైలపడితే పదకొండు రోజులు ఏ ఆజ్ఞా పోదు. తన తల పోతే పోనీ, తమ్ముడు ఉంటాడు.

లక్క కరిగింది. వాచస్పతి ముద్ర ఎత్తాడు.

"నేను చూశాను!" అని పోలనాయకుడు సభ దద్దరిల్లేలా అరిచాడు. "నేను చూశాను! ధూమ్రజటి జడ చూశాను, దాని వెనక నీళ్ళు చూశాను! పడమటి కోనలో మీ గుర్రాలు కొండ అంచునుంచి ఒకదాని మీద ఒకటి పడి చావడం చూశాను! మీరు యాలకులు ఎక్కువయ్యాయన్నవాళ్ళని నేను పూడ్చాను!"

ఎక్కడినుంచో ఎర్రటి తెర ఒకటి ఎగిరొచ్చి అతని రెండు చేతులకూ చుట్టుకుంది. మోచేతులనుంచి నెత్తురు ధారగా కారి ముగ్గు మీద పడింది. వాకిట్లో పాలతొట్టి ఎర్రగా పొంగి గడప దాటింది. వెయ్యి రేకుల కప్పు కింద దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. సభ మిద్దె మీద ఏనుగంత భేరి, రెండు వందల ఏళ్ళుగా బిగిసి ఉన్న భేరి, వానకు తడిసిన అప్పడంలా వేలాడిపోయింది.

పోలనాయకుడు మోకాళ్ళ మీద కూలబడి నవ్వాడు, ఏడ్చాడు. "అయిపోయింది. ఇక కొట్టలేరు. పదకొండు రోజులు మీరు నోరెత్తలేరు."

"నాయనా" అన్నాడు వాచస్పతి. ఆ గొంతులో కోపం లేదు. అది ఉంటేనే బాగుండేది. "ఎంత పని చేశావు."

ఆయన చేతిలో తాటాకు అతని ముందు పెట్టాడు. దాని మీద ఒకే ఒక్క మాట ఉంది. ఆగండి.

"ముట్టడి ఆజ్ఞ పొద్దుటి భేరిలోనే పోయింది. మూడో జాము గంటకు సేన ఏట్లో దిగుతుంది. నీ పంచదార కరగడం చూశాక నాకు మతి పోయింది. అరవై ఏళ్ళు చదివిన తర్కమంతా ఒక కూజా నీళ్ళలో కొట్టుకుపోయింది. ఆపమని రాశాను. ముద్ర వేసి భేరి కొట్టించాలనుకున్నాను."

పోలనాయకుడికి తమ్ముణ్ణి ఒడ్డుకు లాగబోయి తానే తల పట్టుకుని ముంచినట్టయింది.

"మైల! మైల!" అంటూ మాకందుడు గోడకు అతుక్కుపోయి కేకలు పెట్టాడు. "పట్టుకోండి వాణ్ణి! మంత్రిని కూడా! వాడితో మాట్లాడాడు, ఆయనకూ మైలే! ఇద్దరినీ శాసనం ప్రకారం చెరలో వెయ్యండి!"

"స్వామీ, భేరి లేకపోతే ఇంకో దారి లేదా?" పోలనాయకుడు మంత్రి ఉత్తరీయం పట్టుకుని కుదిపాడు. నెత్తురు తెల్లటి పట్టుకు అంటింది. "లేదా చెప్పండి!"

"గద్దకొండ" అన్నాడు వాచస్పతి నెమ్మదిగా. "ఇక్కడి భేరి విని మొదట మోగేది గద్దకొండ భేరి. అక్కడినుంచి కొండకొండకూ పోతుంది. మహామంత్రి స్వయంగా శిఖరమెక్కి, ఉంగరం చూపి, నోటితో చెబితే వాళ్ళు వింటారు. సభ మైలపడినా అది చెల్లుతుందని శాసనంలో ఉంది. ఇంతవరకు ఏ మంత్రీ ఎక్కలేదు."

"ఇవాళ ఎక్కుతారు!"

మొదటి భటుడు ఈటెతో మీదికొచ్చాడు. మరక తిరిగొచ్చిన చేతులకు విద్య కూడా తిరిగొచ్చింది. పోలనాయకుడు ఈటె లాక్కుని, దాని పిడితో వాణ్ణి పడగొట్టి, రెండోవాడి తొడలో మొన దింపాడు. నెత్తురు చిమ్మి వాచస్పతి ముఖాన పడింది. ఆయన చెంప తుడుచుకుని, తడిసిన వేళ్ళ వంక వింతగా చూశాడు. "వెచ్చగా ఉందే" అన్నాడు, ఆ సంగతి ఏ గ్రంథంలోనూ చదవనట్టు.

"తర్వాత చూసుకుందురు గాని, పరుగెత్తండి!"

వాకిట్లో కావలి అధికారి అడ్డం రావలసినవాడు రాలేదు. తాడుకు వేలాడే లేఖల వైపు తిరిగి, కింద పడిన ఆకు ఒకటి వెతుక్కుంటూ ఉండిపోయాడు. పక్కనే మంత్రి ఊరేగింపు గుర్రం, మెడనిండా మువ్వలు, పుట్టి బుద్ధెరిగాక నడవడం తప్ప ఎరగని గుర్రం. పోలనాయకుడు మంత్రిని బియ్యపు మూటలా దాని వీపున వేసి, తాను ఎక్కి, మడమలతో పొడిచాడు. అది ప్రాణభయంతో ఎగిరింది. ఏడు రంగుల ప్రాకారాలు ఒకదాని వెనక ఒకటి వెనక్కి పోయాయి. వెనక కావలి గుర్రాల డెక్కల చప్పుడు. ఒక బాణం మంత్రి కిరీటం ఎగరగొట్టింది. ఇంకోటి గుర్రం పిరుదులో దిగింది.

రెండు క్రోసుల దూరం గుర్రం పోయింది. గద్దకొండ పాదం దగ్గర మోకరిల్లి పక్కకు ఒరిగిపోయింది.

వాచస్పతి లేచి పైకి చూశాడు. నిటారుగా నల్లటి రాయి. దాన్ని చీల్చుకుంటూ ఒక్క మనిషి పట్టే సన్నటి మెట్లు. మెట్ల చివర మబ్బు. మబ్బు మీద ఎక్కడో భేరీ మండపం, గద్ద గూడంత.

"ఇదా గద్దకొండ?" అన్నాడు. "ముగ్గులో చిటికెడు పసుపు. రోజూ రెండు వేళ్ళతో పెట్టేవాణ్ణి. పోయిన నెల ఒక దళాన్ని దీని మీదనుంచి ఒక్క పూటలో దాటిపొమ్మన్నాను."

"దాటారు స్వామీ. సగంమంది." పోలనాయకుడు భుజంలో ములికి నొప్పికి పళ్ళు బిగించాడు. మలుపులో దుమ్ము లేస్తోంది. "నేను మీతో రాలేను. ఈ మెట్ల మొదట్లో ఎవరో ఒకరు నిలబడాలి. భేరీ వాళ్ళు విననిది నా మాట, వినేది మీ మాట. పొండి."

ఆయన బంగారు అల్లికల పాదుకలు విప్పి పక్కన పెట్టాడు. అరవై ఏళ్ళుగా తివాచీ తప్ప ఎరగని పాదాలు ఎండకు కాలిన రాయి మీద పెట్టి, అబ్బా అన్నాడు. రెండో మెట్టు ఎక్కాడు. పాకుతూ మూడోది ఎక్కాడు.

పోలనాయకుడు ఆయనకు వీపు తిప్పి, ఈటె అడ్డంగా పట్టి నిలబడ్డాడు. పదిమంది వచ్చారు. అందరూ చిత్రకంఠం భటులే. వాళ్ళలో ఇద్దరి పేర్లు కూడా అతనికి తెలుసు. "తమ్ముళ్ళూ, వెనక్కి పొండి, మీకు పుణ్యముంటుంది" అని బతిమాలాడు. వాళ్ళు పోలేదు. మొదటివాణ్ణి తోశాడు. రెండోవాడి కత్తి అతని చెవి కోసింది. మూడోవాడు పడ్డాడు, మరి లేవలేదు. సూర్యుడు కొండ భుజం మీదికి దిగాడు. మూడో జాముకు ఎంత మిగిలిందో చూడ్డానికి తలెత్తే తీరిక కూడా అతనికి లేదు. అక్కడ ఏటి ఒడ్డున సూరన జెండా కర్ర భుజానికెత్తుకుంటూ ఉంటాడు. వాడికి ఎప్పుడూ ముందు నిలబడాలనే పిచ్చి.

పైనుంచి గులకరాళ్ళు రాలాయి. ఎవరో జారిన చప్పుడు, గోళ్ళు రాయిని గీరిన చప్పుడు, తర్వాత ఎగశ్వాసలో ఒక గొంతు.

"పోలనాయకా! ఇంకా ఎన్ని మెట్లున్నాయి?"

గద్దకొండకు పన్నెండు వందల మెట్లు. ఆ గొంతు వినపడిన ఎత్తును బట్టి ఆయన నూరు కూడా ఎక్కలేదు.

"దగ్గరికొచ్చేశారు స్వామీ!" అని పోలనాయకుడు కేకవేసి, నాలుగోవాడి మీదికి దూకాడు.